త్సోత్సిల్‌కి యంత్రానువాదం: ఏ పనికి ఏ దారి పట్టాలి?

"రేపు మనం ఆస్పత్రికి వెళ్తున్నాం." "రేపు మేం ఆస్పత్రికి వెళ్తున్నాం." మొదటి మాట వింటే మీరు సంచి సర్దుకుంటారు. రెండోది వింటే జాగ్రత్తగా వెళ్ళి రండి అంటారు. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే వాక్యం, స్పానిష్‌లోనూ అంతే. మెక్సికో దక్షిణాన చియాపాస్ కొండల్లో మాట్లాడే త్సోత్సిల్‌లో మాత్రం మనకున్నట్టే రెండూ వేరు. 'మన ఇల్లు' అనడానికి పదం చివర -తిక్ చేరుతుంది. వినేవాళ్ళను కలుపుకోకుండా 'మా ఇల్లు' అనాలంటే ఊరిని బట్టి -తికోతిక్ అనో -కుతిక్ అనో వస్తుంది.

యంత్రం చేసిన తెలుగు అనువాదాలు దిద్దడం నా రోజువారీ పని. అందులో నా గీత ఎక్కువసార్లు పడేది ఈ మనం, మేము దగ్గరే. "మనం మీ దరఖాస్తును పరిశీలిస్తున్నాం" అని ఒక ఆఫీసు తన ఖాతాదారుడికి ఉత్తరం రాస్తుందా? ఇంగ్లీషు మీదుగా వచ్చిన వాక్యంలో ఆ తేడా అప్పటికే చెరిగిపోయి ఉంటుంది కాబట్టి యంత్రం తోచినది వేసేస్తుంది. తెలుగులో అయితే దిద్దడానికి నాలాంటివాళ్ళు ఉన్నారు. మీరు త్సోత్సిల్‌లోకి పంపే వాక్యాన్ని దిద్దడానికి ఎవరున్నారు? కింద చెప్పిన దారుల్లో ఏది పట్టాలన్నా ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి.

త్సోత్సిల్‌తో తెలుగువాళ్ళకు పని ఏమిటని అనిపించవచ్చు. నాకు తెలిసి మూడు రకాల వాళ్ళకు పడుతుంది. ఒకరు, అమెరికా ఆస్పత్రుల్లో పనిచేసే మన డాక్టర్లు, నర్సులు. చియాపాస్ నుంచి వలస వచ్చిన మనిషి చీటీలో 'స్పానిష్' అని రాసి ఉంటుంది, తీరా చూస్తే ఆయన ఇంటి భాష త్సోత్సిల్. రెండు, భాషాశాస్త్ర విద్యార్థులు. మూడు, కోయ, గోండి, కొలామి లాంటి భాషలకు యంత్రానువాదం కట్టాలని చూస్తున్న మన కుర్రాళ్ళు. ఈ మూడో రకం వాళ్ళకు త్సోత్సిల్ అనుభవం అద్దంలో చూసుకున్నట్టే ఉంటుంది.

## ముందు భాష సంగతి

2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో త్సోత్సిల్ మాట్లాడేవాళ్ళు దాదాపు 5,50,000 మంది. సాన్ క్రిస్తోబాల్ దె లాస్ కాసాస్ పట్టణం చుట్టుపక్కల కొండ ఊళ్ళు, చాముల, సినాకాంతాన్, చెనాలో, సాన్ ఆంద్రెస్ లారాయిన్సార్ వీళ్ళ ప్రధాన స్థావరాలు. తమ భాషను వాళ్ళు 'బాత్స్'ఇ క్'ఓప్' అంటారు, అంటే 'అసలైన మాట'. మాయా కుటుంబంలో దీనికి అతి దగ్గరి చుట్టం త్సెల్తాల్. 2003లో వచ్చిన భాషా హక్కుల చట్టం మెక్సికోలోని ఆదివాసీ భాషలన్నిటినీ జాతీయ భాషలుగా గుర్తించింది. కోర్టులో ఆ భాషా, ఆ సంస్కృతీ తెలిసిన దుబాసీ సాయం పొందే హక్కు రాజ్యాంగంలోనే ఉంది.

పైన క్, త్స్ పక్కన పెట్టిన చిన్న గుర్తు అలంకారం కాదు. గొంతు బిగబట్టి ఒక్కసారిగా వదిలే ధ్వనికి అది గుర్తు. 'కోక్' అంటే నా కాలు. 'క్'ఓక్'' అంటే నిప్పు. ఫోనులో గబగబా టైపు చేసేవాళ్ళు ఆ గుర్తు వదిలేస్తే రెండూ ఒకటైపోతాయి. చదివే మనిషి సందర్భం చూసి సర్దుకుంటాడు. యంత్రానికి మాత్రం కాలు కాలిందో, నిప్పు నొప్పెడుతోందో తెలియదు.

## ఏయే విషయాలు చూసుకోవాలి

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది దిశ. త్సోత్సిల్ నుంచి మీకు తెలిసిన భాషలోకి తెచ్చుకోవడం ఒకటి, మీ భాష నుంచి త్సోత్సిల్‌లోకి పంపడం ఇంకొకటి. మొదటి దాంట్లో వచ్చిన వాక్యం అతకకపోతే మీకు కనీసం అనుమానమైనా వస్తుంది. రెండో దాంట్లో ఆ అవకాశమే లేదు. తెర మీద కనబడే అక్షరాలు త్సోత్సిలో, త్సెల్తాలో, ఏదీ కాని కలగాపులగమో మీరు చెప్పలేరు. అందుకే త్సోత్సిల్‌లోకి వెళ్ళే పనికి ఎప్పుడూ ఎక్కువ జాగ్రత్త కావాలి.

తప్పు జరిగితే నష్టం ఎవరికి, ఎంత అన్నది తర్వాతి మాట. పలకరింపులో తప్పు దొర్లితే నవ్వుకుంటారు. మందు మోతాదులో దొర్లితే ప్రాణం మీదికి వస్తుంది. కోర్టు వాంగ్మూలంలో దొర్లితే ఒక మనిషి ఏళ్ళ తరబడి జైల్లో ఉంటాడు.

ఏ ఊరి మాట అన్నది చాలామంది మరిచిపోయే సంగతి. సినాకాంతాన్ త్సోత్సిల్, చెనాలో త్సోత్సిల్ ఒకటి కాదు. రాతలోనూ తేడాలున్నాయి. పాత పుస్తకాలు ఒక అక్షరాన్ని ఒకలా రాస్తే, నేటి రచయితలు, టీచర్లు ఇంకోలా రాస్తారు. భాష పేరునే రెండు వర్ణక్రమాలతో రాస్తున్నారు.

అవతలి మనిషి చదువుతారా, వింటారా? త్సోత్సిల్ ధారాళంగా మాట్లాడే చాలామందికి బడి చదువు స్పానిష్‌లో సాగింది. త్సోత్సిల్ రాత చూస్తే కూడబలుక్కుని చదవాలి. వాళ్ళకు మీరు కరపత్రం అచ్చువేసి ఇచ్చే కన్నా, అదే సంగతి ఒకరి గొంతుతో రికార్డు చేసి వినిపిస్తే మేలు.

చివరగా నడుమ ఎన్ని భాషలు ఉన్నాయో లెక్కపెట్టండి. తెలుగు నుంచి త్సోత్సిల్‌కి నేరుగా దారి లేదు. తెలుగు, ఇంగ్లీషు, స్పానిష్, త్సోత్సిల్ అంటే మూడు గుమ్మాలు. ప్రతి గుమ్మం దగ్గరా ఏదో ఒకటి జారిపోతుంది. నువ్వు, మీరు తేడా మొదటి గుమ్మంలోనే పోతుంది, మనం, మేము తేడా కూడా అక్కడే.

## మొదటి దారి: ఫోనులోని ఉచిత అనువాద యాప్‌లు

గూగుల్ ట్రాన్స్‌లేట్ 2024 జూన్‌లో ఒకేసారి 110 భాషలు కలిపింది. మన తుళు, సంతాలీ అందులోనే వచ్చాయి. మాయా కుటుంబం నుంచి యుకాటెక్ మాయా, క్వెక్చి, మామ్ వచ్చాయి. త్సోత్సిల్ ఆ జాబితాలో లేదు. మెటా సంస్థ 2022లో విడుదల చేసిన 200 భాషల అనువాద నమూనాలోనూ (మోడల్, అంటే పాఠ్యం చూసి అనువదించడం నేర్చుకున్న యంత్రం) త్సోత్సిల్ లేదు. యాప్‌ల జాబితాలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు వాడే రోజున ఒకసారి తెరిచి చూసుకోండి.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. జాబితాలో 'యుకాటెక్ మాయా' కనిపించగానే, వీళ్ళూ మాయాలే కదా అని దాన్ని నొక్కేస్తారు. మాయా అనేది ఒక భాష పేరు కాదు, దాదాపు 30 భాషల కుటుంబం. యుకాటెక్ మాట్లాడే మనిషికి త్సోత్సిల్ అర్థం కాదు. ద్రావిడ భాషే కదా అని తెలుగు మనిషి చేతిలో కురుఖ్ వాక్యం పెడితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. ఇలా యుకాటెక్‌లో అచ్చయిన కాగితాన్ని త్సోత్సిల్ మనిషికి ఇవ్వడం కన్నా ఏమీ ఇవ్వకపోవడమే నయం. కనీసం అర్థమైందనే భ్రమ ఉండదు.

ఈ యాప్‌ల వల్ల ఒక లాభం మాత్రం నిక్కమైనది. తెలుగు నుంచో ఇంగ్లీషు నుంచో స్పానిష్‌కి అవి బాగా పనిచేస్తాయి. రెండు భాషలూ వచ్చిన త్సోత్సిల్ మనిషి పక్కనుంటే, మీ మాటను ఆ మనిషి దాకా చేర్చడానికి ఇది చాలు. చివరి అంగ మనిషి వేస్తాడు.

## రెండో దారి: మాట్లాడే కృత్రిమ మేధ

చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ లాంటివి జాబితాలు పెట్టుకుని కూర్చోవు. త్సోత్సిల్‌లో రాయమంటే చాలాసార్లు రాసేస్తాయి. అదే వాటి బలం, అదే వాటి చిక్కు. తడబాటు లేకుండా, వ్యాకరణం వివరిస్తూ, తీరైన వాక్యం ఇస్తాయి. అందులో సగం పదాలు సరైనవే కావచ్చు, మిగతావి పక్క భాషలవో కల్పించినవో కావచ్చు. అది చెప్పిన తీరును బట్టి ఏది ఏదో పోల్చుకోలేరు.

కారణం తెలిస్తే జాగ్రత్త పడటం సులువు. ఈ యంత్రాలు చదివిన దాన్నే నేర్చుకుంటాయి. త్సోత్సిల్‌లో అంతర్జాలంలో దొరికే రాత కొద్ది. ఆ కొద్దిలోనూ పెద్ద భాగం బైబిల్ అనువాదాలు, మతసంస్థల ప్రచురణలు. అంటే యంత్రానికి గొర్రెల కాపరి తెలుసు, పాపం, ప్రార్థన తెలుసు. ఇన్సులిన్ తెలియదు, అద్దె ఒప్పందం తెలియదు, పొద్దున్న బస్‌స్టాండులో మనుషులు మాట్లాడుకునే తీరు తెలియదు. తెలుగును పాత పరిశుద్ధ గ్రంథం ఒక్కటే చదివి నేర్చుకున్న మనిషిని ఊహించుకోండి.

నేను యంత్రాలకు పెట్టే పరీక్షలాంటిది ఒకటి త్సోత్సిల్‌లో చూపిస్తాను. 'క్'ఉష్' అనే మాట ఉంది. నొప్పిగా ఉంది అని దాని అర్థం. 'క్'ఉష్ హ్‌హోల్' అంటే నాకు తలనొప్పిగా ఉంది. 'ఒ'ఒంతోన్' అంటే హృదయం. ఇప్పుడు 'క్'ఉష్ తా కో'ఒంతోన్' అంటే? ముక్కకి ముక్క పెడితే 'నా గుండెలో నొప్పి' అని వస్తుంది. అసలు అర్థం 'నాకు ఎంతో ఇష్టం, నాకు ప్రాణప్రదం' అని. ఒక తల్లి తన బిడ్డ గురించి ఈ మాట అంటుంటే, మధ్యలో యంత్రం గుండెనొప్పి అని డాక్టరుకు చెబితే ఏమవుతుంది? 

ఇంకొకటి. 'పోష్' అంటే చెరకు నుంచి తీసే సారా. 'పోషిల్' అంటే మందు. చాముల గుడిలో వైద్యం చేసేటప్పుడు పోష్ వాడతారు కూడా, కాబట్టి రెండు మాటల మధ్య చుట్టరికం ఉత్తుత్తిది కాదు. తెలుగులో మనం 'మందు' అనే ఒక్క మాటతోనే రెండు పనులూ నడిపిస్తాం. "మందు మానేయమన్నారా?" అంటే ఏది మానాలో మనకు సందర్భం చెబుతుంది. "రోజూ మందు తీసుకుంటున్నారా?" అనే తెలుగు వాక్యం మూడు భాషల మీదుగా అక్కడికి చేరేసరికి ఏ మందుగా తేలుతుందో మీరే ఆలోచించండి.

అంకెలు కూడా. త్సోత్సిల్ లెక్క ఇరవైల మీద నడుస్తుంది. 'వినిక్' అంటే మనిషి. మనిషికి కాళ్ళూ చేతులూ కలిపి ఇరవై వేళ్ళు. అందుకని 'చా'వినిక్' అంటే 40, ఇద్దరు మనుషులు కాదు. ఇద్దరు మనుషులు అనాలంటే అంకెకు మనుషులను లెక్కపెట్టే ప్రత్యయం తగిలించి 'చా'వో'' అంటారు. జంతువులకు వేరే ప్రత్యయం, గుండ్రటి వాటికి వేరే. మనం ఇద్దరు, రెండు అని చేసే తేడా వాళ్ళు ఇంకా చాలా దూరం తీసుకెళ్ళారు. కాబట్టి మోతాదులు, తేదీలు, డబ్బు లెక్కలు అక్షరాల్లో రాయించకండి, అంకెల్లోనే ఉంచండి. నేటి త్సోత్సిల్ జనం పెద్ద అంకెలకు స్పానిష్ మాటలే ఎక్కువ వాడతారు.

ఇంతా చెప్పి ఈ దారి వద్దు అనను. త్సోత్సిల్ కథ ఒకటి దొరికింది, దేని గురించో స్థూలంగా తెలుసుకోవాలి. వ్యాకరణంలో ఒక ప్రత్యయం ఎలా పనిచేస్తుందో అడగాలి, అడిగింది నిఘంటువుతో సరిచూసుకుంటారు. అలాంటప్పుడు బాగానే సాయపడుతుంది. బిడ్డ ఆరోగ్యం గురించి ఒక తల్లికి దీన్ని నమ్ముకుని సందేశం పంపడం మాత్రం నేను ఒప్పుకోను.

## మూడో దారి: స్వేచ్ఛగా దొరికే నమూనాలు, మీరే నేర్పించుకోవడం

గూగుల్ పరిశోధకులు 2023లో విడుదల చేసిన మ్యాడ్‌ల్యాడ్-400 అనే పాఠ్య సేకరణలో 419 భాషలున్నాయి. త్సోత్సిల్ అందులో ఉంది. దాని మీద నేర్పిన అనువాద నమూనాలను ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. వ్యాపారానికి కూడా అడ్డు లేదు. అయితే జాబితాలో ఉండటం వేరు, బాగా రావడం వేరు. అందులో త్సోత్సిల్ వాటా పిసరంత.

మెటా 200 భాషల నమూనాకు త్సోత్సిల్‌ను కొత్త భాషగా నేర్పవచ్చు. కాకపోతే దాని లైసెన్సు వ్యాపారేతర పనులకే. రాతను పదాలుగా కాక బైట్లుగా, అంటే కంప్యూటరు అక్షరాలను దాచుకునే చిన్న ముక్కలుగా చదివే నమూనాలు ఇంకో దారి. ఒకే మాటకు నాలుగు రాతలున్న భాషలో అవి కాస్త ఓర్చుకుంటాయి.

పని మొదలుపెట్టేవాళ్ళకు ముందుగా తగిలే రాయి ఆ చిన్న గుర్తే. గొంతు బిగింపుకు వాడే గుర్తు కంప్యూటర్లలో కనీసం మూడు రకాలుగా ఉంది: నిటారు గీత, వంపు తిరిగిన ఉల్లేఖన గుర్తు, అక్షరంగా లెక్కించే ప్రత్యేక గుర్తు. కంటికి మూడూ ఒకటే. యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. ఫోను కీబోర్డు తనంతట తానే ఒకదాన్ని మరొకటిగా మార్చేస్తుంది. తెలుగులో కంటికి కనబడని విడదీత అక్షరం ఉన్న పదం, లేని పదం వెతుకులాటలో కలవకపోవడం మనలో చాలామంది చూశాం కదా, అదే జబ్బు. పాఠ్యమంతా ముందు ఒక్క గుర్తుకు మార్చండి. తర్వాతే ఏదైనా. ఫలితాన్ని కొలిచేటప్పుడు పదాలు కలిశాయా అని చూసే బ్లూ కొలత కన్నా అక్షరాల వరసలు చూసే సీహెచ్ఆర్ఎఫ్ మేలు. ప్రత్యయాలు అతుక్కుపోయే భాషల్లో మొదటిది అన్యాయం చేస్తుందని తెలుగు మీద పనిచేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మాటను రాతగా, రాతను మాటగా మార్చే నమూనాలు కూడా ఉన్నాయి. మెటా 2023లో ఇచ్చిన వెయ్యికి పైగా భాషల వాక్ నమూనాల్లో త్సోత్సిల్ చాముల, చెనాలో రూపాల్లో ఉంది. ఇవి కూడా ఎక్కువగా మతగ్రంథ పఠనాల మీద నేర్చినవే. అనువాదం చేయవు. కానీ పెద్దవాళ్ళు చెప్పిన కథలను రాతలో పెట్టే వాళ్ళకు తొలి చిత్తుప్రతి ఇస్తాయి, దాన్ని ఆ ఊరి మనిషి దిద్దుతాడు. విన్నది సరిచూసే మనిషి ఉన్న చోట యంత్రం నిజంగా పనికొస్తుందనడానికి నాకు ఇదే మంచి ఉదాహరణ.

ఇక్కడ ఒక హెచ్చరిక లేకుండా ముందుకు వెళ్ళలేను. పాఠ్యం ఎక్కడి నుంచి తెస్తారు? చియాపాస్ కొండల్లో 1998లో ఐసీబీజీ-మాయా అనే పరిశోధన ప్రాజెక్టు మొదలైంది. త్సెల్తాల్, త్సోత్సిల్ ఊళ్ళ మూలికా జ్ఞానాన్ని నమోదు చేసి మందుల పరిశోధనకు వాడాలన్నది ఉద్దేశం. ఎవరి అనుమతి తీసుకున్నారు, జనం తరఫున అనుమతి ఇచ్చే అధికారం ఎవరిది అని స్థానిక వైద్యుల సంఘాలు నిలదీశాయి. 2001లో అది ఆగిపోయింది. ఆ ఊళ్ళకు ఈ సంగతి గుర్తుంది. భాష కూడా వాళ్ళ సొత్తే. కథలు, పాటలు, సంభాషణలు గంపగుత్తగా లాగేసి నమూనాకు మేపేముందు ఎవరిని అడిగాం, వాళ్ళకు తిరిగి ఏమి ఇస్తున్నాం అన్నది తేల్చుకోండి. మన ఆదిలాబాద్, భద్రాచలం వైపు పనిచేసేవాళ్ళకూ ఇదే మాట.

## నాలుగో దారి: నిఘంటువు, వ్యాకరణం

నిదానమైన దారే, కానీ నమ్మకమైనది. రాబర్ట్ లాఫ్లిన్ 1975లో స్మిత్సోనియన్ సంస్థ ద్వారా ప్రచురించిన సినాకాంతాన్ త్సోత్సిల్ నిఘంటువులో దాదాపు 30,000 మాటలున్నాయి, అర్థాలు ఇంగ్లీషులో. ఒక ఆదివాసీ భాషకు ఇంత పెద్ద నిఘంటువు ఉండటం అరుదు. జాన్ హావిలాండ్ 1981లో స్పానిష్‌లో రాసిన వ్యాకరణం అదే ఊరి మాటకు. జూడిత్ ఐసెన్ 1987లో వాక్య నిర్మాణం మీద రాసిన పుస్తకం విద్యార్థులకు తప్పనిసరి.

పరిమితి ఏమిటంటే, ఇవన్నీ ఎక్కువగా ఒక్క ఊరి భాషను, యాభై ఏళ్ళ కిందటి భాషను పట్టుకున్నవి. పైగా త్సోత్సిల్‌లో క్రియ ముందుంటుంది, కర్త చివర్లో. నిఘంటువులో మాటలు ఏరి తెలుగు వరసలో పేర్చితే వాక్యం కాదు. త్సోత్సిల్ నుంచి చదువుకోవడానికి ఇది మంచి దారి. త్సోత్సిల్‌లో రాయడానికి చాలదు.

## ఐదో దారి: మనిషి

సాన్ క్రిస్తోబాల్‌లో 1980ల నుంచే స్నా హ్‌త్స్'ఇబాహోమ్ అనే రచయితల సంస్థ ఉంది, పేరుకు 'రచయిత ఇల్లు' అని అర్థం. త్సోత్సిల్, త్సెల్తాల్ రచయితలు అక్కడ పుస్తకాలు రాశారు, నాటకాలు ఆడారు. త్సోత్సిల్‌లో రాసే కవులు, టీచర్లు, రేడియో వాళ్ళు నేడూ ఉన్నారు. అంటే అనువాదకులు దొరకని భాష కాదిది. మనం వెతకం, అంతే.

ఖర్చవుతుంది, సమయం పడుతుంది. అమెరికాలో అయితే తరచు ఇద్దరు దుబాసీలు కావాలి: ఒకరు త్సోత్సిల్ నుంచి స్పానిష్‌కి, ఇంకొకరు స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి. పది నిమిషాల సంభాషణ అరగంట పడుతుంది. డాక్టర్లకు అది కష్టమే. అయినా అక్కడ 2024లో ఖరారైన ఆరోగ్య సేవల నిబంధన, ఆరోగ్య సంరక్షణ చట్టంలోని సెక్షన్ 1557 కింద, ముఖ్యమైన పాఠ్యాన్ని యంత్రంతో అనువదిస్తే అర్హత ఉన్న అనువాదకుడు సరిచూసి తీరాలి. ఆ నిబంధనే లేకపోయినా త్సోత్సిల్ విషయంలో నేను అదే చెప్పేవాణ్ణి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | త్సోత్సిల్ నుంచి | త్సోత్సిల్‌లోకి | ఊరి మాట తేడా | ఖర్చు, సమయం | ఎప్పుడు తగును |
|---|---|---|---|---|---|
| ఉచిత యాప్ | భాష జాబితాలో ఉంటేనే | భాష జాబితాలో ఉంటేనే | పట్టించుకోదు | ఏమీ లేదు | స్పానిష్ వరకు చేరడానికి |
| మాట్లాడే మేధ | స్థూల భావం వరకు | నమ్మలేం | కలిపేస్తుంది | దాదాపు లేదు | చదువు, తొలి అంచనా |
| సొంతంగా నేర్పిన నమూనా | పాఠ్యాన్ని బట్టి | చిత్తుప్రతి వరకు | మీరు ఎంచిన ఊరిది | నెలల పని | ఒకే రకం పాఠ్యం పదే పదే ఉంటే |
| నిఘంటువు, వ్యాకరణం | నమ్మకం, నిదానం | మాటల వరకే | ఎక్కువగా సినాకాంతాన్ | మీ ఓపిక | విద్యార్థులకు, సరిచూడటానికి |
| మనిషి | ఉత్తమం | ఉత్తమం | అడిగి ఎంచుకోవచ్చు | ఎక్కువ | ఆరోగ్యం, కోర్టు, అచ్చు |

## మీరు ఎవరైతే ఏది

డాక్టరు, నర్సు అయితే మూడు పనులు చేయండి. రోగి స్పానిష్ అర్థమవుతున్నట్టు తల ఊపినా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడగండి. త్సోత్సిల్ అంటే ఏ ఊరని అడిగి చీటీలో రాయండి. తర్వాత ఫోను దుబాసీ సేవను పిలిపించండి. దుబాసీ వచ్చే లోపు కూర్చోండి, నీళ్ళు కావాలా లాంటి మాటలకు సైగలూ కాస్త స్పానిష్షూ చాలు. రోగి వెంట వచ్చిన పదేళ్ళ పిల్లతో జబ్బు సంగతి చెప్పించకండి. అంగీకార పత్రం మీద సంతకం, మందు మోతాదు, శస్త్రచికిత్స వివరం యంత్రం ద్వారా వద్దే వద్దు.

విద్యార్థి అయితే నిఘంటువు, వ్యాకరణం మీ ముఖ్య ఆధారం. యంత్రం పక్క సహాయకుడు. యంత్రం చెప్పిన ప్రతి పదాన్నీ లాఫ్లిన్ నిఘంటువులో వెతకండి. దొరకలేదంటే తప్పు అనుకోనక్కర్లేదు, వేరే ఊరిది కావచ్చు. కానీ దొరికేదాకా మీ వ్యాసంలో వాడకండి.

నమూనా కట్టేవాళ్ళు చేయగల అతి మంచి పని, నా దృష్టిలో, అన్ని పనులకూ ఒకే అనువాద యంత్రం కట్టాలనే ఆశ వదలడం. టీకా తేదీల సందేశాలు, బడి సెలవు ప్రకటనలు, వర్ష హెచ్చరికలు, ఇలా ఒకే మూసలో వచ్చే పాఠ్యం ఎంచుకోండి. మూసను ఒకసారి మనిషితో అనువదింపజేయండి. తేదీలూ పేర్లూ మాత్రం యంత్రం మారుస్తుంది. ఇందులో గొప్ప మేధ ఏమీ లేదు, పరిశోధన పేపర్లూ రావు. తల్లికి మాత్రం సరైన రోజున సరైన సందేశం చేరుతుంది. దాన్ని రాతగా కన్నా రికార్డు చేసిన గొంతుగా పంపితే ఇంకా మంచిది.

కథలూ కవితలూ తెలుగులోకి తేవాలనుకునే రచయితలు ఇంకొక రకం. వీళ్ళకు తరచు స్పానిష్ ప్రతి దొరుకుతుంది. చాలామంది త్సోత్సిల్ కవులు తామే రెండు భాషల్లోనూ రాసి పక్కపక్కన అచ్చువేస్తారు. స్పానిష్ ప్రతి నుంచి యంత్రం సాయంతో చిత్తు తయారు చేసుకోండి, తప్పులేదు. తర్వాత త్సోత్సిల్ పేజీ తెరిచి ఒక్క పని చేయండి: 'మేము', 'మన' వచ్చిన ప్రతి చోటా మూలంలో -తిక్ ఉందో, మరొకటి ఉందో చూడండి. స్పానిష్ దాచేసిన ఆ తేడాను తెలుగు తిరిగి ఇవ్వగలదు. ఇంగ్లీషు అనువాదకుడికి లేని అవకాశం ఇది. దీన్ని వదులుకుంటే నాకు బాధేస్తుంది.

## నమ్మే ముందు పెట్టవలసిన పరీక్ష

యంత్రం ఏదైనా సరే, దాని ముందు ఓ పదిహేను వాక్యాలు పెట్టండి. మనం, మేము జతలు రెండు. గొంతు బిగింపు ఒక్కటే తేడాగా ఉన్న మాటల జతలు రెండు. మనుషులు, జంతువులు, వస్తువుల లెక్కలు మూడు. నొప్పి, ఇష్టం లాంటి హృదయపు మాటలు రెండు. మిగతావి మీ పనిలో నిజంగా వచ్చే వాక్యాలు. జవాబులను త్సోత్సిల్ తెలిసిన ఒకరికి చూపించి, వాళ్ళ సమయానికి డబ్బు ఇవ్వండి.

త్సోత్సిల్‌లోకి మార్చి, అదే యంత్రంతో వెనక్కి మార్చి చూసుకోవడం చాలామంది చేసే పరీక్ష. దాన్ని నమ్మకండి. యంత్రం తను కల్పించిన మాటను తనే గుర్తుపట్టి మీ వాక్యాన్ని మీకు చక్కగా తిరిగి ఇవ్వగలదు. మధ్యలో ఉన్నది ఏ ఊళ్ళోనూ ఎవరూ మాట్లాడని భాషైనా సరే.

సరిచూసే మనిషి దొరికాక, వాక్యాలు చేతిలో పెట్టేముందు మొదటి ప్రశ్నగా "మీది ఏ ఊరు?" అని అడగండి. చాముల అంటే, ఈ కాగితం చెనాలో వాళ్ళకు వెళ్తుందని చెప్పండి. అప్పుడు వాళ్ళే చెబుతారు, ఏ మాట మార్చాలో, ఏది అలాగే ఉంచవచ్చో, ఎక్కడ ఇంకొకరిని అడగాలో.